వరిగడ్డి మేపే పాడిరైతుకు పప్పుజాతి పశుగ్రాసం

రెండు మూడు గేదెలున్న ఇంట్లో మేత అంటే చాలావరకు వరిగడ్డే; దాని లోటును కొని తెచ్చిన దాణాతో పూడుస్తారు. వరిగడ్డిలో మాంసకృత్తులు 3, 4 శాతానికి మించవు. పశువు పెద్దపొట్టలో పీచును జీర్ణం చేసే సూక్ష్మజీవులు చురుగ్గా పనిచేయాలంటే మొత్తం మేతలో మాంసకృత్తులు కనీసం 7 శాతమైనా ఉండాలి. అంటే మాంసకృత్తులు ఎక్కువగా ఉండే పప్పుజాతి మేత వేసేది వరిగడ్డిని మాన్పించడానికి కాదు, తిన్న వరిగడ్డి ఒంటబట్టడానికి. కాబట్టి వారానికోసారి మోపెడు వేయడం కంటే రోజూ కొద్దికొద్దిగా, గడ్డితో కలిపి వేయడమే లాభం.

మేతకు విడిగా పొలం వదల్లేనివారు గట్ల మీద అవిసె, సుబాబుల్ చెట్లు నాటుకోవచ్చు. సుబాబుల్‌ను కాయలు ముదరకముందే కొట్టకపోతే చేనంతా మొలిచి కలుపవుతుంది. పాక కడిగిన నీరు పారే నాలుగు సెంట్లలో హెడ్జ్ లూసర్న్, అదే దశరథ గడ్డి, చక్కగా వస్తుంది. దీని గింజ పైపెంకు గట్టిది. నీళ్లు మరిగించి పొయ్యి మీంచి దించి, కాస్త వేడి తగ్గాక గింజలను నాలుగైదు నిమిషాలు ఉంచి, వెంటనే చన్నీళ్లలోకి మార్చి, ఆరబెట్టి విత్తితే మొలక బాగుంటుంది. తొలి కోత 90 రోజులకు, ఆ తరువాత సుమారు 40 రోజులకొకటి వస్తుంది. డెల్టాలో వరి కోతకు కొద్ది రోజుల ముందు, పదును ఆరకుండానే పిల్లిపెసర, జనుము చల్లడం పాత పద్ధతే; హార్వెస్టర్‌తో కోయించేవారు చక్రాల కింద కొంత మొలక నలిగిపోతుందని ముందే లెక్కవేసుకోవాలి. రాయలసీమ రైతుకు వేరుశనగ కట్టె ఎలాగూ ఉంటుంది. ఆకు రాలకముందే వాము వేసి, తడవకుండా కప్పితే చాలు, ఎందుకంటే బలమంతా ఆకులోనే ఉంటుంది, బూజు పట్టినది పశువుకు హాని చేస్తుంది.

మేపడంలో తొందర పనికిరాదు. అలవాటు లేని గేదె సుబాబుల్ వాసన చూసి మొహం తిప్పుకుంటుంది; మొదట గుప్పెడు ఆకును నరికిన వరిగడ్డిలో కలిపి, కాస్త బెల్లం నీళ్లు చల్లి పెట్టాలి. ఇందులో మైమోసిన్ అనే విషపదార్థం ఉన్నందున మొత్తం మేతలో మూడో వంతుకు మించనీయకూడదు. వెంట్రుకలు రాలడం కనిపిస్తే వెంటనే ఆపేయాలి. లేత లూసర్న్‌ను (ఇది హెడ్జ్ లూసర్న్ కాదు, వేరే పప్పుజాతి మేత) ఖాళీ కడుపున మేపితే కడుపుబ్బరం వచ్చి పశువు ప్రాణానికే ముప్పు కాబట్టి, ముందు ఎండుగడ్డి వేసి, కోసిన పచ్చిమేతను కొన్ని గంటలు వాడనిచ్చి తరువాత వేయాలి.

మంచి పప్పుజాతి పచ్చిమేత 6 నుంచి 8 కిలోలు సుమారు ఒక కిలో దాణాకు సాటి. అయినా దాణాను ఒక్కసారిగా తగ్గించక, అరకిలో చొప్పున తగ్గిస్తూ వారం పాటు పాలు, వెన్న శాతం గమనించాలి. కొత్తగా ఈనిన, ఎక్కువ పాలిచ్చే పశువులకు దాణా అసలు తగ్గించకూడదు. తగ్గించేటప్పుడు కూడా ముందు పత్తిచెక్కను తగ్గించాలే తప్ప తవుడును కాదు, ఎందుకంటే పప్పుజాతి ఆకులో కాల్షియం ఎక్కువగానూ భాస్వరం తక్కువగానూ ఉంటాయి, ఆ భాస్వరాన్ని భర్తీ చేసేది తవుడే.