ఓడిపోయిన చెస్ గేమ్‌లో తప్పులు వెతకడం ఎలా?

గేమ్ ఓడిపోగానే యాప్‌లో అనాలిసిస్ నొక్కి, ఎర్ర గుర్తు ఎక్కడ పడిందో చూసి, "అబ్బా, అక్కడ ఏనుగు పోయింది" అనుకుని ఇంకో గేమ్ మొదలుపెట్టేస్తాం. నేనూ చాలాకాలం అదే చేశాను. ఆ ఏనుగు పోకముందే చేతికొచ్చి జారిపోయిన అవకాశాలు అందులో కనబడవు.

మొదట ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టి తప్పులు చూపే కంప్యూటర్ ప్రోగ్రామ్) జోలికి పోకండి. బోర్డు ముందు పెట్టుకుని, గేమ్‌ను మొదటినుంచి ఒక్కో ఎత్తే జరుపుతూ, ఆ క్షణాన ఏమనుకున్నారో కాగితం మీద రాయండి. "భయపడ్డాను", "ఏమీ తోచక ఆడాను" అని రాసినా పర్లేదు. ఇది అదేరోజు చేయాలి, మర్నాటికి మనమే కొత్త కారణాలు కల్పించుకుంటాం.

తర్వాత, పోరు మొదలుకాని చోట ఆగండి. ఈమధ్య నేను తెల్ల పావులతో ఆడిన గేమ్ చూడండి. (బిషప్‌ను కొందరు శకటు అంటారు, కొందరు ఒంటె అంటారు. గొడవ లేకుండా బిషప్ అనే రాస్తాను.) గడి పేరులో అక్షరం నిలువు వరస, అంకె అడ్డ వరస. నా బంటు ఈ4కి, అతని బంటు ఈ5కి. నా గుర్రం ఎఫ్3కి, అతని బంటు డీ6కి. నా బిషప్ సీ4కి, అతని బిషప్ జీ4కి. నా రెండో గుర్రం సీ3కి, అతని బంటు జీ6కి. ఇక్కడ నేను హెచ్3 ఆడాను, అంటే బంటును ఆ గడికి జరిపాను. నా కాగితంలో ఉన్నది: "గుర్రం కదలదు, వెనక మంత్రి ఉంది. బిషప్‌ను తరమాలి."

కదులుతుంది! ఆ గుర్రంతో ఈ5 బంటును కొట్టాలి. అతను ఆశపడి డీ1లోని మంత్రిని తింటే, నా బిషప్ ఎఫ్7 బంటును కొట్టి చెక్ ఇస్తుంది. రాజుకు ఈ7 ఒక్కటే గడి. సీ3 గుర్రం డీ5కి వస్తే ఆటకట్టు. మంత్రిని తినకుండా ఈ5లోని గుర్రాన్ని కొడితే, నా మంత్రి జీ4 బిషప్‌ను కొడుతుంది, ఒక బంటు లాభం. 18వ శతాబ్దపు పారిస్ ఆటగాడు, ఆ కాలపు మేటి ఆటగాడు ఫిలిడోర్‌కు గురువు అయిన లెగాల్ పేరుమీద ప్రసిద్ధమైన ఎత్తు ఇది. నాకు తెలిసిందే కూడా! కానీ "కదలదు" అని ముందే తేల్చేసుకున్నాను.

అవతలివాడి తప్పులూ ఇంతే శ్రద్ధగా చూడాలి. ఎక్కువమంది వదిలేసేది ఇదే. నా హెచ్3కి అతను బిషప్‌ను హెచ్5కి జరిపాడు. వెనక్కి పోవాల్సిన జీ6లో తన బంటే ఉంది. నేను బంటును జీ4కి జరిపితే బిషప్ చిక్కిపోయినట్టే, మహా అయితే ఒక బంటును తిని చస్తుంది. నేను మాత్రం క్యాస్లింగ్ (రాజును, ఏనుగును ఒకే ఎత్తులో జరపడం) చేశాను. అతను తన రెండో బిషప్‌ను జీ7కి తెచ్చాడు. జీ4 అప్పటికీ ఉంది, అప్పటికీ చూడలేదు. చివర్లో టెన్షన్‌లో పోయిన ఏనుగు కంటే నాకు బాధ కలిగించింది ఇదే.

ఇంజిన్ ఇప్పుడు తెరవండి. లిచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. మీరు రాసుకున్న చోట్లతో పోల్చండి. ఇంజిన్ ఎవరిది పైచేయో బంట్ల లెక్కలో చూపిస్తుంది. సగం బంటు తేడాలను వదిలేయండి, అవి మన స్థాయి గొడవలు కావు. పెద్ద తేడా కనబడితే, ఇంజిన్ చెప్పిన ఎత్తు ఆడి ఊరుకోకుండా, అవతలివాడి తరఫున మీకు తోచిన జవాబులు ఆడి చూడండి. అది ఎందుకు పనిచేస్తుందో అప్పుడే అర్థమవుతుంది.

చివరగా గేమ్‌కు ఒక్క వాక్యం నోట్‌బుక్‌లో రాసుకోండి, మీ భాషలోనే. ఈ గేమ్ కింద నేను రాసుకున్నది: "వచ్చిన పావుకు వెనక్కి దారి ఉందా చూడు." దాని పైన మూడు గేముల కింద వరసగా "టైమ్ చూసుకో" అనే ఉంది.