పెళ్ళిళ్ళ సీజన్ ముందు కాలర్ మైక్ కొంటున్నారా? ముందు ఇవి చూసుకోండి

మాఘం ముహూర్తాలు దగ్గర పడుతున్నాయంటే చాలు, ఇచ్ఛాపురం నుంచి బరంపురం దాకా, ఇటు పాతపట్నం, పర్లాకిమిడి, గుణుపూర్ వైపు కూడా వీడియో తీసేవాళ్ళు వైర్‌లెస్ కాలర్ మైక్‌ల గురించి అడగడం మొదలుపెడతారు. అందరూ అడిగేది ఒకటే, "అన్నా, ఎంత దూరం లాగుతుంది?" నన్నడిగితే అది ఆఖర్న చూసుకోవాల్సిన సంగతి. సిగ్నల్ తెగిపోయినప్పుడు ఆ మాట ఇంకెక్కడైనా మిగిలి ఉంటుందా, ముందు అది తేల్చుకోండి.

అంటే దుస్తులకి తగిలించే ఆ చిన్న ముక్కలో, ట్రాన్స్‌మిటర్‌లోనే రికార్డింగ్ ఉండాలి. రోడ్ కంపెనీ వైర్‌లెస్ గో 2, వైర్‌లెస్ ప్రో, డీజేఐ మైక్ 2, వీటిల్లో ఉంది. డీజేఐ మైక్ 2లో 8 జీబీ మెమరీ ఇచ్చాడు, 24 బిట్‌లో 14 గంటల దాకా పడుతుంది, అంటే స్నాతకం నుంచి అప్పగింతల దాకా తీసినా నిండదు. డీజేఐ మైక్ మినీ, హాలీల్యాండ్ లార్క్ ఎం2 లాంటివి తేలిగ్గా, ముచ్చటగా ఉంటాయి, పట్టుచీర జారిపోదు, ధరా తక్కువే, కానీ వాటిల్లో లోపల రికార్డింగ్ లేదు. యూట్యూబ్ ఇంటర్వ్యూలకి, షాపు ప్రమోషన్లకి నిశ్చింతగా కొనుక్కోండి, అక్కడ మాట పోతే "మళ్ళీ చెప్పండి సార్" అనొచ్చు. తాళి కట్టేటప్పుడు పంతులుగారిని మళ్ళీ కట్టించమనలేం కదా.

దూరం సంగతి. పెట్టె మీద 200 మీటర్లు, 250 మీటర్లు అని వేస్తారు. అబద్ధమేం కాదు, కాకపోతే అది ఖాళీ మైదానంలో, మధ్యలో మనిషన్నవాడు లేనప్పటి లెక్క. ఈ మైక్‌లలో చాలావరకు నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ మీద, ఆ తరంగాన్ని మనిషి ఒంట్లో ఉన్న నీరే పీల్చేస్తుంది. తలంబ్రాల టైమ్‌లో వధూవరుల చుట్టూ మేనమామలు, వదినలు, సెల్‌ఫోన్లు ఎత్తిన పిల్లలు గోడలా నిలబడతారు, పది అడుగుల్లోనే మాట తెగుతుంది. దానికి తోడు మండపం వైఫై, లైవ్ ఇచ్చేవాళ్ళ రూటర్, చాలా డ్రోన్ రిమోట్లు, మన కెమెరాలో మనమే ఆపడం మర్చిపోయిన వైఫై, ఇవన్నీ అదే దారిలో తిరుగుతుంటాయి. కాబట్టి రిసీవర్‌ని, అంటే సిగ్నల్ అందుకుని కెమెరాకి ఇచ్చే ముక్కని, జేబులో, బ్యాగులో పెట్టకుండా కెమెరా నెత్తి మీద పెట్టండి, ట్రాన్స్‌మిటర్ ఛాతీ మీద కెమెరాకి కనపడే వైపు ఉండాలి, నడుం వెనక కట్టారా ఇక అంతే. లైవ్ వాళ్ళ రూటర్ మీ ట్రైపాడ్ పక్కనే పెడుతుంటే మొహమాటపడకుండా దూరంగా పెట్టమనండి. ఖాళీ మండపంలో పొద్దున్న టెస్ట్ చేసి బాగుందనుకుంటే సరిపోదు, జనం నిండాక మళ్ళీ చూడాలి.

కొంచెం డబ్బు ఎక్కువ పెట్టగలిగితే, ఎప్పుడూ జనం మధ్యే పని అయితే, యూహెచ్‌ఎఫ్ రకం, అంటే 2.4 కంటే తక్కువ ఫ్రీక్వెన్సీ మీద నడిచేది, మంచిది. సోనీ యూడబ్ల్యూపీ డీ21, సెన్‌హైజర్ ఈడబ్ల్యూ 100 జీ4 ఆ కోవలోవి. మనుషులు అడ్డొచ్చినా 2.4 కంటే నయంగా దాటుకొస్తుంది, పెన్సిల్ సెల్స్ మీద నడుస్తుంది కాబట్టి రాయగడ దాటి ఏజెన్సీలో పెళ్ళి ఉన్నా సెల్స్ దొరకవన్న టెన్షన్ లేదు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోందంటే మాత్రం ఏ ఫ్రీక్వెన్సీదో చూడకుండా డబ్బులివ్వొద్దు. 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌ని 2022 వేలంలో జియో 5జీ కోసం కొనేసింది, ఆ బ్యాండ్‌లో నడిచే పాత సెట్టు టవర్ పక్కన గరగరమంటే దానికి రిపేరు లేదు. ఇంకో మాట, 2.4కి మన దేశంలో లైసెన్స్ అక్కర్లేదు, యూహెచ్‌ఎఫ్‌కి ఏ బ్యాండ్‌కి ఏ అనుమతి కావాలో డీలర్‌ని అడిగి బిల్లు మీద రాయించుకోండి.

ఇక మన సరిహద్దు పెళ్ళిళ్ళకే ప్రత్యేకమైన తలనొప్పి ఒకటుంది. తెలుగు పెళ్ళైతే గట్టిమేళం ఎప్పుడు పడుతుందో మనకి తెలుసు, పంతులుగారు చెయ్యెత్తగానే చెయ్యి గెయిన్ మీదకి, అంటే మైక్ లెవెల్ పెంచి తగ్గించే సెట్టింగ్ మీదకి పోతుంది. ఒకవైపు వాళ్ళు ఒడియా వాళ్ళైతే, లేదా బరంపురంలో తరాలుగా ఉండి రెండు పద్ధతులూ కలిపేసిన తెలుగిళ్ళైతే, ఆడవాళ్ళు ఉన్నట్టుండి హుళహుళి, అంటే నాలుక ఆడిస్తూ గట్టిగా చేసే మంగళధ్వని, ఎత్తుకుంటారు, శంఖం ఊదుతారు. అది పెళ్ళికూతురి మెడ దగ్గర మైక్‌కి అడుగు దూరంలో. లెవెల్ అప్పటిదాకా మామూలు మాటకి పెట్టి ఉంటే శబ్దం చిట్లిపోతుంది, చిట్లిన శబ్దాన్ని ఎడిటింగ్‌లో ఎవరూ పూర్తిగా బాగుచెయ్యలేరు. మామూలు మాటకి మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా పెట్టుకోండి, సేఫ్టీ ట్రాక్ ఉంటే ఆన్ చెయ్యండి. అది అదే మాటని తక్కువ లెవెల్లో రెండోసారి రికార్డు చేస్తుంది, డీజేఐలో 6 డెసిబెల్స్ తక్కువ, రోడ్ గో 2లో 20 తక్కువ. మన మేళాలకి ఆ 20 ఉన్నదే నయం అంటాను నేను.

32 బిట్ ఫ్లోట్, అంటే చిన్న శబ్దం నుంచి పెద్ద శబ్దం దాకా చిట్లకుండా దాచుకునే రికార్డింగ్ పద్ధతి, ఉంటే లెవెల్ చూడక్కర్లేదని షాపువాడు చెబుతాడు. సగమే నిజం. లోపల రికార్డయిన ఫైల్‌కి అది వర్తిస్తుంది, కేబుల్ మీదుగా కెమెరాలోకి వెళ్ళిన శబ్దానికి కాదు. అందుకే కెమెరాలో గెయిన్ బాగా తగ్గించి, రిసీవర్ అవుట్‌పుట్ పెంచుకోవాలి. శబ్దం మరీ ఎక్కువైతే మైక్ గుండీయే తట్టుకోలేదు, అప్పుడు ఏ బిట్టూ కాపాడదు. డోలు, సన్నాయి పక్కనే వేదిక ఉంటే మేళం వాళ్ళని నాలుగడుగులు జరగమని ముందే బతిమాలుకోండి.

తగిలించే చోటు దగ్గర తొందరపడొద్దు. పంతులుగారికి చొక్కా ఉండదు, ఉత్తరీయం అంచుకి పెడితే హోమంలో నెయ్యి వెయ్యడానికి వంగినప్పుడల్లా అది జారి మైక్ పొట్ట దగ్గరికి వెళ్ళిపోతుంది. "పంతులుగారూ, ఒక్క నిమిషం" అని అడిగి, ఉత్తరీయం ఛాతీ మీద అడ్డంగా వచ్చే మడతకి లోపలి వైపు నుంచి క్లిప్ పెట్టి, వైరు మీద మెడికల్ షాపులో దొరికే పేపర్ టేప్ ఒక ముక్క అంటించండి. పెళ్ళికూతురికైతే మీరు చెయ్యి పెట్టొద్దు, వాళ్ళ అక్కకో పిన్నికో చూపించి పెట్టించండి. హారాలు తగిలే చోట పెడితే ఊపిరి పీల్చినప్పుడల్లా టకటకమంటుంది, కొంచెం పక్కకి, పైట పిన్ను దగ్గర పెట్టాలి. దండలు మార్చుకున్నాక మళ్ళీ ఒకసారి చూసుకోండి, ఎందుకంటే దండ ఎప్పుడూ సరిగ్గా మైక్ మీదే పడుతుంది, అదేం శాపమో. గోపాలపూర్ బీచ్‌లో ప్రీ వెడ్డింగ్ ఉంటే మైక్‌కి గాలి హోరు ఆపే బొచ్చు టోపీ లేకుండా పెట్టె తియ్యనే తియ్యొద్దు.

బ్యాటరీ ఆరేడు గంటలంటారు, రాత్రి రెండింటికి ముహూర్తమైతే ఎదుర్కోలు అయిపోగానే ఛార్జింగ్ కేస్‌లో పడెయ్యండి. ప్లగ్ మీద రెండు నల్ల గీతలున్న కేబుల్ కెమెరాకి, మూడున్నది ఫోన్‌కి, రెండూ సంచిలో ఉండాలి. వైరున్న హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి, బ్లూటూత్‌ది వద్దు, మాట ఆలస్యంగా వచ్చి సింక్ పోయిందేమోనని కంగారు పుట్టిస్తుంది. ఆడియో సెట్టింగ్ 48 కిలోహెర్ట్జ్. ఐదారు వందలకి దొరికే కే8 లాంటివి ఇంట్లో పిల్లల రీల్స్‌కి, అంతే.

కొనేటప్పుడు జీఎస్టీ బిల్లు, ఇండియా వారంటీ ఉన్నదే తీసుకోండి, సర్వీస్ విశాఖలో ఉందో భువనేశ్వర్‌లో ఉందో, కొరియర్‌లో పంపితే సీజన్ అయ్యేలోపు తిరిగొస్తుందో లేదో కనుక్కోండి. ఫర్మ్‌వేర్ (మైక్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఏదైనా ఉంటే మొదటి పెళ్ళికి వారం ముందే చేసేసి, ఒక గంట రికార్డు పెట్టి చూడండి, ముందురోజు రాత్రి దాని జోలికి వెళ్ళొద్దు. పెళ్ళి అయ్యాక ఇంటికి రాగానే ట్రాన్స్‌మిటర్ రెండిట్లోనూ ఉన్న ఫైళ్ళని పెళ్ళివారి పేరుతో ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని, తెరిచి విని, ఆ తర్వాతే ఫార్మాట్ కొట్టండి. మెమరీ నిండితే కొన్ని సెట్లు పాతవాటిని చెప్పాపెట్టకుండా చెరిపేసి వాటి మీదే రాసుకుంటూ పోతాయి.