రాడార్ టూల్స్ లోడ్ కానప్పుడు
సెంటినెల్-1 రాడార్ ఉపగ్రహ చిత్రాల కోసం ఐఎస్‌సీఈ2 (ISCE2), మింట్‌పై (MintPy) అనే విశ్లేషణ సాఫ్ట్‌వేర్లను ఇన్‌స్టాల్ చేశాక, మ్యాపు డేటాను చదివే జీడాల్ (GDAL) లైబ్రరీ లోడ్ అయ్యేచోట ‘లిబ్‌జీడాల్’ దొరకలేదన్న లోపంతో పని ఆగిపోతుంటుంది. ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే కోండా (conda)లోని పాత ఎన్విరాన్‌మెంట్‌ను (విడి ఇన్‌స్టలేషన్ ఫోల్డర్‌ను) మరమ్మతు చేస్తూ కూర్చోకుండా, కొత్తది సృష్టించి, కోండా-ఫోర్జ్ (conda-forge) అనే ప్యాకేజీల చానెల్ ఒక్కదాని నుంచే పైథాన్, జీడాల్, ఐఎస్‌సీఈ2, మింట్‌పై నాలుగింటినీ ఒకే కమాండ్‌లో ఇన్‌స్టాల్ చేయండి. అప్పుడు ఒకదానికొకటి సరిపడే వెర్షన్లను కోండాయే ఎంచుకుంటుంది. మధ్యలో జీడాల్‌ను పైథాన్ సొంత ఇన్‌స్టాలర్ పిప్ (pip)తో వేస్తే ఆ పొందిక చెడిపోవచ్చు. అయినా మ్యాపు కోఆర్డినేట్ల డేటాబేస్ ‘ప్రోజ్.డీబీ’ (proj.db)కి సంబంధించిన లోపం కనిపిస్తే, అది ఎక్కడుందో చెప్పే ‘ప్రోజ్_లిబ్’ (PROJ_LIB) వేరియబుల్ మరో సాఫ్ట్‌వేర్ ఫోల్డర్‌ను చూపుతోందేమో పరిశీలించి, ఆ టెర్మినల్‌లో ఆ వేరియబుల్‌ను తొలగించండి. నన్ను రెండు రోజులు వేధించిన చిక్కు అలాగే విడిపోయింది.

ఐఎస్‌సీఈ2 కోండా ప్యాకేజీ విండోస్‌కు లేదు కనుక, అక్కడ ఈ పద్ధతి నేరుగా పనిచేయదు. ముందుగా, విండోస్‌లోనే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్ (WSL)లో లినక్స్ పెట్టుకోవాలి.