రాజమహేంద్రవరం చూడవచ్చేవారికి: గోదావరి గట్టు వెంట రెండు రోజులు

రాజమహేంద్రవరానికి వచ్చే యాత్రికులలో చాలామంది ఈ ఊరిని పాపికొండలకో, అన్నవరానికో, కోనసీమకో వెళ్లే దారిలో రాత్రి తలదాచుకునే మజిలీగానే చూసి, తెల్లవారేసరికి సామాను సర్దుకుంటారు. రెండు రోజులు కేటాయించగలిగినవారికి ఈ ఊరు ఇచ్చేది చాలా ఉంది. అయితే చూడవలసిన స్థలాల పేర్లు వరుసగా రాసుకుని ఆటోలో తిరిగితే అది దక్కదు. ఇక్కడ ఏది ఎప్పుడు చూడాలన్నది గోదావరిని బట్టి నిర్ణయించుకోవాలి.

ముందుగా దిక్కులు గుర్తుపెట్టుకోవాలి. ఊరు నదికి తూర్పు గట్టున ఉంది కాబట్టి రేవులన్నీ పడమటి ముఖంగా ఉంటాయి, సూర్యాస్తమయం నేరుగా నీటి మీద కనిపిస్తుంది. సూర్యోదయం నీటి మీద చూడాలంటే మాత్రం వంతెన దాటి అవతలి గట్టున ఉన్న కొవ్వూరు వెళ్లి గోష్పాద క్షేత్రం రేవులో నిలబడాలి. ఎండాకాలంలో మధ్యాహ్నపు ఎండకు రేవు మెట్లు కాలిపోతాయి. అందువల్ల ఉదయం, సాయంత్రం గట్టుకూ, మధ్యాహ్నం నీడపట్టున ఉన్న గ్రంథాలయానికీ, చిత్రశాలకూ కేటాయించుకోవడం మేలు.

విజయవాడ వైపు నుంచి వచ్చేవారు వీలైతే పగటి రైలులో రావాలి. కొవ్వూరు దాటగానే రైలు వంతెన మీదికి ఎక్కుతుంది, పెట్టెలోని పెద్దవారు చిల్లర నాణేలు తీసి నదికి దణ్ణం పెట్టుకుని కిటికీలోంచి విసురుతారు, సుమారు మూడు కిలోమీటర్ల వెడల్పున అఖండ గోదావరి రెండు వైపులా పరుచుకుని కనిపిస్తుంది. అన్ని రైళ్లూ గోదావరి స్టేషనులో ఆగవు, రాజమండ్రి స్టేషనులో ఎక్కువగా ఆగుతాయి. కానీ బస మాత్రం గోదావరి స్టేషను, పుష్కరాల రేవు పరిసరాలలో చూసుకుంటే ఉదయం, సాయంత్రం నడిచి గట్టు చేరుకోవచ్చు.

మొదటి సాయంత్రం వంతెనలతో మొదలుపెట్టమని నా సలహా. 1897లో రైళ్ల కోసం తెరిచిన హేవలాక్ వంతెన 56 ఖానాలతో సరిగ్గా నూరేళ్లు పనిచేసి 1997లో విశ్రాంతి తీసుకుంది. దానికి బదులుగా కట్టినదే పక్కనే విల్లులాంటి కమానులతో కనిపించే ఆర్చి వంతెన, ఊరి బొమ్మ ఎక్కడ వేసినా ఇదే కనిపిస్తుంది. 1974లో ప్రారంభమైన రోడ్డు కం రైలు వంతెన మీద పై అంతస్తులో బస్సులు, కింది అంతస్తులో రైళ్లు వెళుతుంటాయి. ఎగువన ఉన్న నాలుగో వంతెన 2015లో వాహనాలకు తెరుచుకుంది. పుష్కరాల రేవు మెట్ల మీద ఒక గంట కూర్చుంటే సూర్యుడు కమానుల వెనుకకు దిగడం, ఆ కమానుల మధ్య నుంచి రైలు దూసుకుపోవడం ఒకే చూపులో అందుతాయి. చీకటి పడే వేళకు అక్కడే గోదావరి హారతి జరుగుతుంది. హారతిని పూర్తిగా చూడదలచినవారు కనీసం అరగంట ముందే మెట్ల మీద చోటు చూసుకోవాలి. కార్తీక మాసంలో రద్దీ ఇంకా ఎక్కువగా ఉంటుంది. అరటి దొప్పలలో వెలిగించి వదిలిన దీపాలను చూడాలనుకునేవారికి మాత్రం అదే తగిన నెల.

స్నానం చేసేవారికి ఒక హెచ్చరిక. రేవులో మెట్లూ, గొలుసులూ ఉన్న మేరకే దిగాలి. వేసవిలో నీరు తగ్గి ఇసుక తిన్నెలు బయటపడినప్పుడు నది నడిచి దాటవచ్చు అనిపిస్తుంది గాని, ఇసుక అడుగున గుంటలు పైకి కనిపించవు, ఈత వచ్చినవారు కూడా వాటిలో చిక్కుకుంటారు. జూలై నుంచి సెప్టెంబరు వరకు వరద కాలం. అప్పుడు ఎర్రనీరు మెట్లను మింగుతూ పైకి వస్తుంది. ధవళేశ్వరం వద్ద ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది జారీ చేస్తారు. 1986 ఆగస్టులో అది 35 లక్షలు దాటిందని తెలిస్తే ఈ నది శక్తి ఎంతటిదో అర్థమవుతుంది. హెచ్చరిక ఉన్న రోజులలో నదిని గట్టు మీది నుంచే చూడాలి.

మధ్యాహ్నాల విషయానికి వస్తే, నా దృష్టిలో ఈ ఊరిలో అన్నిటికన్నా ముందు చూడవలసినది దామెర్ల రామారావు చిత్రశాల. 1897లో పుట్టిన ఈ చిత్రకారుడిలోని ప్రతిభను ఇక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే గుర్తించి ప్రోత్సహించాడు. బొంబాయి జె.జె. కళాశాలలో చదువుకుని తిరిగివచ్చిన రామారావు ఈ ఊరిలోనే తోటి చిత్రకారులను కూడగట్టి, 28 ఏళ్లు నిండకుండానే 1925లో మశూచికంతో కన్నుమూశాడు. ‘పుష్పాలంకరణ’, ‘సిద్ధార్థ రాగోదయం’ వంటి చిత్రాల ముందు తొందరపడకుండా నిలబడి, బొమ్మలలోని స్త్రీల చీరకట్టు, కొప్పు, కూర్చున్న తీరు గమనించాలి. పురాణగాథను గీసినా ఆ మనుషులు తెలుగునాటి వారేనని తెలుస్తుంది. చిన్న చిత్రశాల కదా అని పది నిమిషాలలో చుట్టి వచ్చేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. దీనికి ఒక గంటైనా ఇవ్వాలి.

కందుకూరి వీరేశలింగం పంతులు గారు నివసించిన ఇల్లు స్మారక మందిరంగా ఉంది. 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించి, ఊరంతా ఎదురు తిరిగినా వెనుదీయని మనిషి మసలిన గదులివి. పిల్లలతో వచ్చేవారు ఆ కథను ఇంటి గుమ్మం దాటకముందే వారికి చెప్పి లోపలికి తీసుకువెళ్లాలి. ఆయన కట్టించిన టౌన్ హాలు కూడా నగరంలోనే ఉంది. పుస్తకాల మీద మక్కువ ఉన్నవారు గౌతమీ గ్రంథాలయానికి తప్పక వెళ్లాలి. దీని మూలాలు 1898 నాటివి, తాళపత్ర గ్రంథాలు కూడా ఇక్కడ భద్రపరచి ఉన్నాయి. రాళ్లబండి సుబ్బారావు పేరిట ఉన్న పురావస్తు ప్రదర్శనశాలలో పాత నాణేలు, శిల్పాలు చూడవచ్చు. మెయిన్ రోడ్డులోని పెద్ద మసీదులో 1324 నాటి శాసనం ఉంది. నన్నయ భారతాంధ్రీకరణకు పూనుకున్న రాజరాజనరేంద్రుని కాలం నుంచి తుగ్లకుల కాలం వరకు ఈ ఊరి చరిత్రను ఒక్క పూటలో నడిచి చూడవచ్చు. సెలవు రోజులు ఒక్కో సంస్థకు ఒక్కో రకంగా ఉంటాయి కాబట్టి బయలుదేరే ముందు కనుక్కోవాలి.

మెయిన్ రోడ్డుకు వెళ్లినప్పుడు రోజ్ మిల్క్ తాగకుండా రావద్దు. ఎండలో నడిచి వచ్చినవారికి చల్లటి గులాబీ రంగు పాలు, పక్కన కాస్త కోవా దొరికితే ఆ పూటకు వేరే పలహారం అక్కరలేదు. భోజనంలో పనసపొట్టు కూర ఉందేమో అడగాలి. ఆవ పెట్టి వండితేనే దాని అసలు రుచి తెలుస్తుంది. ‘పుస్తెలమ్మైనా పులస తినాలి’ అంటారు గాని, వరద నీటికి ఎదురీది సముద్రం నుంచి వచ్చే ఆ చేప వరద నెలలలోనే దొరుకుతుంది, ధర వేలల్లో ఉంటుంది. వేరే చోట్ల నుంచి తెచ్చిన ఇలస చేపను పులస పేరుతో అమ్మడమూ ఉంది కనుక, తెలిసిన స్థానికులు వెంట లేకుండా కొనకపోవడమే మంచిది.

రెండవ రోజు ఉదయం ధవళేశ్వరానికి బయలుదేరాలి. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడు గేట్లతో కట్టిన బ్యారేజీ ఉంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలలో మొత్తం 175 గేట్లు ఉన్నాయి. ముందు కాటన్ మ్యూజియం చూసి, ఆ తరువాత బ్యారేజీ మీదికి వెళ్లడం సరైన క్రమం. కరువుతోనూ వరదలతోనూ అల్లాడిన సీమ వరిపొలాలుగా ఎలా మారిందో నమూనాలలో చూసిన కంటికి గేట్లు, కాలువలు వేరుగా కనిపిస్తాయి. గోదావరి స్నాన సంకల్పంలో కాటనును తలచుకునే శ్లోకం ఇక్కడి పురోహితుల నోట ఇప్పటికీ వినిపిస్తుంది.

బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక చేరి, అక్కడి నుంచి కాలువ పక్కనే ఉన్న రోడ్డులో ఆత్రేయపురం వెళ్లాలి. పూతరేకులు కొనడం కన్నా రేకు తీయడం చూడటం ముఖ్యం. బోర్లించిన కుండ కింద మంట ఉంటుంది. పలుచటి బియ్యప్పిండి నీటిలో తడిపిన గుడ్డను రెండు చేతులా పట్టుకుని కుండ మీద ఒక్కసారి పరిచి లాగుతారు. మరుక్షణం ఉల్లిపొర లాంటి రేకు లేచి చేతిలోకి వస్తుంది. గుడ్డ ఒక్క క్షణం ఎక్కువ నిలిచినా రేకు మందమవుతుంది. పని చేసుకుంటున్న ఇంటి ఆడవారిని అడిగి, వారు సరేనంటేనే ఫొటోలు తీయాలి, వచ్చినందుకు అక్కడే ఒకటి రెండు డబ్బాలు కొనాలి. బెల్లం, నెయ్యి వేసినవి పంచదారవాటికన్నా రుచిగా ఉంటాయని నా అభిప్రాయం. రేకులు ఇట్టే నలిగిపోతాయి కాబట్టి డబ్బాను సామాను పైభాగంలో పెట్టుకోవాలి. ఆ దారిలోనే ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి ఆలయం ఉంది. ముందు నుంచి విష్ణువుగా, వెనుక నుంచి మోహినిగా చెక్కిన ఏకశిలా విగ్రహాన్ని అర్చకులు దీపం పట్టి వివరిస్తారు. మొక్కలంటే ఇష్టమున్నవారు తిరుగు ప్రయాణంలో కడియం నర్సరీలకు వెళ్లవచ్చు, చలికాలంలో అయితే పూలతో కళకళలాడుతుంటాయి.

పాపికొండల విహారానికి వేరుగా ఒక రోజు ఉంచుకోవాలి. పోలవరం ఎగువన గండి పోచమ్మ ఆలయం పరిసరాల నుంచి బోట్లు బయలుదేరుతాయి, అక్కడి వరకు రోడ్డు మీద వెళ్లాలి. వరద రోజులలో అనుమతి ఉండదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు వద్ద జరిగిన ఘోర ప్రమాదాన్ని మరచిపోకుండా, అనుమతి ఉన్న బోటే ఎక్కాలి, లైఫ్ జాకెట్‌ను దిగేవరకు విప్పకూడదు. తదుపరి గోదావరి పుష్కరాలు 2027లో వస్తాయి. పుష్కర స్నానం కోసం వచ్చేవారు బసను నెలల ముందే ఏర్పాటు చేసుకోవాలి, పుష్కరాల రేవులోనే మునగాలన్న పట్టుదల పెట్టుకోకుండా జనం తక్కువగా ఉన్న రేవును ఎంచుకోవాలి. ఊరినీ, చిత్రశాలనూ, గ్రంథాలయాన్నీ నింపాదిగా చూడాలనుకునేవారు మాత్రం ఆ పన్నెండు రోజులు తప్పించి నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు రావడం మంచిది.