‘రెండు మహానగరాలు’ తొలి ఆరు అధ్యాయాలు: పుస్తకం తెరిచే ముందు జాగ్రత్తలు

☐ రెండు సంవత్సరాలు పెన్సిల్‌తో అట్ట లోపల రాసుకోండి. ఇంగ్లిషు రచయిత చార్లెస్ డికెన్స్ ఈ నవలను (‘ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్’) ప్రచురించింది 1859లో, కథ మొదలయ్యేది 1775లో. ఆయనకూ అది చరిత్రే.

☐ మొదటి అధ్యాయంలో కథ కోసం వెతకవద్దు, దొరకదు. పెద్ద దవడల రాజులిద్దరూ ఇంగ్లండ్ మూడో జార్జి, ఫ్రాన్స్ పదహారో లూయీ. పేర్లు రచయిత చెప్పడు, మీరే అంచులో రాసుకోవాలి. కట్టెలు కొట్టే విధి, బండి కట్టే మృత్యువు అనే రైతు దగ్గర మాత్రం ఆగండి. ఆయన కొట్టే చెట్టు ఫ్రెంచి విప్లవంలో తలలు నరికిన యంత్రం గిలెటిన్‌కు, ఈయన బండి దాని దగ్గరికి ఖైదీలను మోయడానికి.

☐ రెండో అధ్యాయంలో, ఇంగ్లండ్ రేవు పట్టణం డోవర్‌కు వెళ్లే తపాలా బండి దగ్గర పొగమంచు, బురద, ఒకరినొకరు అనుమానించే ప్రయాణికులు. ఇక్కడే చాలామంది పుస్తకం మూసేస్తారు. కాస్త ఓపిక పట్టండి.

☐ అయిదో అధ్యాయం రెండుసార్లు చదవడానికి సమయం ఉంచుకోండి. పారిస్‌లోని సెంటాంత్వాన్ పేటలో ఒక వీధిలో వైన్ పీపా పగులుతుంది. జనం రాళ్ల సందుల్లోంచి దోసిళ్లతో తాగుతారు, తడిసిన చెక్క ముక్కల్ని నములుతారు. ఒకడు ఆ మడ్డిలో వేలు ముంచి గోడమీద ‘రక్తం’ అని రాస్తాడు. దాన్ని ప్రతీక అని ఒక్క మాటలో తేల్చేయకండి. ముందు ఆకలిని చూడండి.

☐ తెన్నేటి సూరి అనువాదం పక్కన ఉంచుకోవచ్చు, మూలానికి బదులుగా కాదు.

☐ చివరి పేజీలు తిప్పి చూడవద్దు. పేరడిగితే ‘నూట అయిదు, ఉత్తర బురుజు’ అనే చెప్పులు కుట్టే, తల నెరిసిన ఆయన ఎవరో తెలుసుకోవడానికి ఆరో అధ్యాయం చాలు.