రూన్‌స్కేప్‌లో డబ్బు లెక్క, 3వ పాఠం: గ్రాండ్ ఎక్స్ఛేంజ్‌లో కొనడం, అమ్మడం

పోయిన పాఠంలో ఇచ్చిన రెండు పనులూ అయిపోయాయనుకుని మొదలుపెడుతున్నాను. బార్బేరియన్ విలేజ్ దగ్గరి స్ట్రాంగ్‌హోల్డ్ ఆఫ్ సెక్యూరిటీలోకి దిగి, మొదటి మూడు అంతస్తుల్లో 2,000, 3,000, 5,000 చొప్పున మొత్తం 10,000 జీపీ (ఆటలో చెల్లే బంగారు నాణేలు) తెచ్చుకోవడం ఒకటి. లంబ్రిడ్జ్ దగ్గరి ఆవుల దొడ్డిలో కనీసం వంద తోళ్లు పోగుచేసి బ్యాంకులో పెట్టడం రెండోది. అవి కాకపోతే ఈ పాఠం కాసేపు పక్కన పెట్టండి, ఎందుకంటే చేతిలో నాలుగు డబ్బులు, బ్యాంకులో కాస్త సరుకు లేకుండా ఇవాళ్టి లెక్కలు చదివినా తలకెక్కవు. ఆటే అయినా ఆవును కొట్టడానికి మనసు రావడం లేదని కొందరు అన్నారు. అది నాకు అర్థమవుతుంది. వాళ్లు కోళ్ల ఈకలు ఏరుకోండి, ధర చాలా తక్కువే గానీ ఎన్ని ఏరినా సంచిలో ఒక్క గడే పడుతుంది, మాటిమాటికీ బ్యాంకుకి పరిగెత్తక్కర్లేదు. ఇంకో సౌకర్యం కూడా ఉంది, పన్ను దగ్గర చెబుతాను.

మొన్న మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, 15 వేలు అయ్యాయి, రూన్ సిమిటార్ కొనెయ్యనా, అన్నీ దానికే పెట్టేస్తే తప్పా?" అని. వాడి అటాక్ లెవెల్ 31. రూన్ లోహంతో చేసిన కత్తి పట్టాలంటే 40 ఉండాలి. "ముందు ఒక మెట్టు కిందిదైన అడమంట్ కత్తి కొనరా, దానికి 30 చాలు, మిగతాది దగ్గర పెట్టుకో" అన్నాను. అయితే వాడి ప్రశ్నలో అసలు సంగతి వేరే ఉంది. కొనడం అనగానే డబ్బు పోయిందని మనం అనుకుంటాం, ఈ ఆటలో అన్ని కొనుగోళ్లూ అలా ఉండవు. చేప కొని తింటే పోయినట్టే, బాణాలు కొని వేస్తే కొన్ని పోయినట్టే. కత్తి అలా కాదు, ఎన్ని రోజులు వాడినా అరగదు, వద్దనుకున్న రోజు దాదాపు అదే ధరకి అమ్ముకోవచ్చు. కాబట్టి దేనికైనా చెయ్యి చాచేముందు ఇది తినేసే ఖర్చా, మళ్లీ చేతికొచ్చే సొమ్మా అని ఒక్కసారి అనుకోండి. కత్తి ధర ఎందుకు నిలబడుతుందో కాసేపట్లో వస్తుంది.

ఇప్పుడు వారక్ ఊరికి వాయవ్యంగా ఉన్న గ్రాండ్ ఎక్స్ఛేంజ్‌కి, అంటే ఆటగాళ్లు సరుకు కొని అమ్ముకునే సంతకి వెళ్దాం. మనం ఆడే ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ 2013లో మొదలైనప్పుడు ఇది లేదు, 2015లో వచ్చింది. అంతకుముందు జనం చాట్‌లో "అమ్ముతున్నా, కొంటున్నా" అని టైప్ చేస్తూ గంటలకొద్దీ నిలబడేవాళ్లు. ఇప్పుడు క్లర్క్‌తో మాట్లాడి ఆఫర్ పెట్టి వెళ్లిపోవచ్చు, మీరు ఆట మూసేసి నిద్రపోయినా ఆ ఆఫర్ అక్కడే ఉంటుంది. ఒక్కో ఆఫర్‌కి ఒక స్లాట్ పడుతుంది, ఉచితంగా ఆడేవాళ్లకి మూడు స్లాట్లు, డబ్బు కట్టి ఆడే మెంబర్లకి ఎనిమిది. మూడే ఉన్నాయి కాబట్టి ఎప్పటికీ అమ్ముడుపోని ధర పెట్టి స్లాట్ బిగించుకోకండి.

ధర ఎలా తేలుతుందో సరిగ్గా పట్టుకోవాలి, చాలామంది తడబడేది ఇక్కడే. తెర మీద కనిపించేది మార్గదర్శక ధర మాత్రమే, సరిగ్గా దానికే దొరకాలని లేదు. ఎవరు ముందు ఆఫర్ పెట్టారో వాళ్ల ధరకే బేరం కుదురుతుంది. ఒకతను 400కి అమ్మకం పెట్టి వెళ్లాడు, మీరు తర్వాత వచ్చి 450కి కొంటానన్నారు, అప్పుడు మీ దగ్గర 400 మాత్రమే తీసుకుని మిగతా 50 తిరిగి ఇచ్చేస్తుంది. అదే తలకిందులుగా, 400 ఇస్తానని కొనుగోలుదారు ముందే కూర్చుని ఉంటే, మీరు తొందరలో 350కి అమ్మినా మీకు 400 లెక్కనే వస్తుంది. అందుకని ఒకటీ రెండూ కొనేటప్పుడు కాస్త ఎక్కువ రాసినా పెద్ద నష్టం ఉండదు. వందల్లో కొనేటప్పుడు మాత్రం అలా చేయొద్దు, చౌక సరుకు అయిపోగానే మీ ఆఫర్ పై ధరవాళ్లని కూడా ఏరుకుంటూ పోతుంది.

పన్ను సంగతి. 2021 డిసెంబర్‌లో 1 శాతంతో మొదలైంది, 2025లో 2 శాతం చేశారు. అమ్మినవాళ్ల దగ్గరే కోస్తారు, ఒక్కో వస్తువుకి ఎంత ధర ఉన్నా 50 లక్షలకి మించి కోయరు. పైసలు పడితే కింది అంకెకి దించుతారు కాబట్టి 49 జీపీ వరకూ పన్ను సున్నా. ఈకలవాళ్లకి సౌకర్యం ఉందన్నది ఇదే. తోళ్లు అమ్మేవాళ్లకి వందకి రెండు పోతాయి, పోనివ్వండి. ఈ పన్ను నాకు మంచిదే అనిపిస్తుంది, రాక్షసులు రాల్చే డబ్బు ఆటలోకి రోజూ కొత్తగా పోస్తూనే ఉంటుంది కదా, ఎక్కడో ఒకచోట బయటికి పోకపోతే మనం దాచుకున్న పదివేలకి విలువ ఏముంటుంది?

ఇప్పుడు నోట్‌బుక్ తీయండి. ఒక వస్తువు కొంటే ఎంత, అమ్మితే ఎంత అనేది తెలుసుకోవడాన్ని ఆటగాళ్లు మార్జిన్ చూడటం అంటారు. ఒక్కటంటే ఒక్కటి, ధరని +5% బటన్‌తో రెండు మూడుసార్లు పెంచి కొనండి, వెంటనే దాన్నే అలాగే తగ్గించి అమ్మండి. ఉదాహరణకి 412కి కొన్నారు, 385కి అమ్ముడైంది. ఈ చూడటానికి మీకు ముప్పై చిల్లర ఖర్చయింది, సరే. ఇప్పుడు 386కి కొనుగోలు పెట్టి, దొరికాక 411కి అమ్మకం పెట్టాలి. తేడా 25, అందులో 411 మీద పన్ను 8, మిగిలేది 17. పదివేలున్నవాళ్లు 25 కొనగలరు, పెట్టుబడి 9,650, లాభం 425. ఇంతేనా అనకండి. ఇది మీరు వేరే పనిలో ఉండగా వచ్చే డబ్బు. గంటకి 120 తోళ్లు తెచ్చి ఒక్కోటి 100కి అమ్మేవాళ్లకి పన్ను పోను 11,760 వస్తుంది, అంటే మొదట్లో కాళ్లే సంపాదించాలి, వ్యాపారం పక్కన తోడు ఉంటుంది. లక్షల్లోకి వెళ్లాక ఇది తిరగబడుతుంది. ఇంకొకటి, ఒక్కో వస్తువుకి నాలుగు గంటల్లో ఇన్నే కొనాలని పరిమితి ఉంటుంది, ఎంత డబ్బున్నవాళ్లయినా మొత్తం సరుకు ఒక్కరే ఊడ్చేయలేరు.

పచ్చి తోళ్లని తోలు చేయించి అమ్మితే ఎక్కువ వస్తుందా అని కొందరు అడిగారు. అల్ ఖరీద్‌లో ఎల్లిస్ దగ్గర మెత్తటి తోలుకి 1 జీపీ, గట్టి తోలుకి 3 జీపీ. సంచిలో 28 గళ్లు, ఒకటి డబ్బుకి పోతే 27 తోళ్లు. ఆ రోజు పచ్చి తోలు ధర, చేసిన తోలు ధర రెండూ చూసి, తేడాలోంచి చేయించిన ఖర్చు తీసేసి, మిగిలినదాన్ని 27తో గుణించి, ఆ ఒక్క తిరుగుడుకి మీకు పట్టిన సమయంతో పోల్చండి. కొన్ని రోజులు చేసిన తోలే చౌకగా ఉంటుంది, అలాంటి రోజు పచ్చిగానే అమ్మేయండి.

ఇక కత్తి ధర ఎందుకు పడిపోదు. మేజిక్ 55 వచ్చాక హై ఆల్కమీ అనే మంత్రం వస్తుంది, వస్తువుని నేరుగా డబ్బుగా మార్చేస్తుంది, దాని అసలు విలువలో 60 శాతం ఇస్తుంది. రూన్ సిమిటార్‌కి 15,360, రూన్ ప్లేట్‌బాడీకి (ఒంటికి తొడిగే కవచం) 39,000. ఆటని నడిపేవాళ్లే ఆ మార్పు ధరని స్థిరంగా పెట్టారు కాబట్టి, ఎక్స్ఛేంజ్‌లో ధర అంతకన్నా బాగా పడితే మంత్రం వేసేవాళ్లు ఎగబడి కొనేస్తారు, పడింది మళ్లీ లేస్తుంది. రైతుకి మద్దతు ధరలాంటిది అనుకోండి.

ఇక్కడ నాకు బాగా నచ్చిన లెక్క ఒకటి ఉంది. మంత్రానికి ఒక నేచర్ రూన్, ఐదు ఫైర్ రూన్లు కావాలి (ఇక్కడ రూన్ అంటే లోహం కాదు, మంత్రం వేస్తే ఖర్చయ్యే రాయి), నిప్పు కర్ర పట్టుకుంటే ఫైర్ రూన్ల ఖర్చు తప్పుతుంది. నేచర్ రూన్ 100 అనుకుంటే ప్లేట్‌బాడీ మీద చేతికొచ్చేది 38,900. దాన్నే ఎక్స్ఛేంజ్‌లో 39,000కి అమ్మితే పన్ను 780, చేతికొచ్చేది 38,220. చూశారా, మంత్రానికి పన్ను లేదు! అంటే ఎక్స్ఛేంజ్ ధర దాదాపు 39,700 దాటితేనే అక్కడ అమ్మడం లాభం, అంతవరకూ మంత్రమే మేలు. మంత్రం ఒక్కసారికి 3 సెకన్లు, గంటకి 1,200. కానీ ప్లేట్‌బాడీలు నాలుగు గంటలకి 70కి మించి కొననివ్వదు. 38,600 చొప్పున 70 కొంటే పెట్టుబడి 27 లక్షల 2 వేలు, ఒక్కోదాని మీద 300 మిగిలితే మొత్తం 21,000, చేతిపని మూడున్నర నిమిషాలే. ఇవాళ మనకి 27 లక్షలు లేవు, పర్లేదు, లెక్క మాత్రం ఇప్పుడే చేతికి రావాలి.

జాగ్రత్త ఒకటి చెప్పకుండా ఈ పాఠం మూయలేను. నేను ఆట మొదలుపెట్టిన రెండో నెలలో ఎక్స్ఛేంజ్ ముందు ఒకతను డబ్బు రెట్టింపు చేస్తానన్నాడు. వెయ్యి ఇచ్చాను, రెండు వేలు ఇచ్చాడు. పదివేలు ఇచ్చాను, ఇరవై ఇచ్చాడు. నమ్మకం కుదిరి లక్షా ముప్పై వేలు ఇచ్చాను, తెర మీద నుంచి మాయమైపోయాడు. మూడు వారాల సాయంత్రాలు అవి. ఆ రాత్రి నిద్రపట్టలేదు. మనిషితో నేరుగా ట్రేడ్ చేసేటప్పుడు రెండు స్క్రీన్లు వస్తాయి, రెండో దాంట్లో అంకెల్లోని సున్నాలు వేలుపెట్టి లెక్కపెట్టండి, అవతలివాళ్లు మధ్యలో వస్తువు తీసి మళ్లీ పెట్టారంటే ట్రేడ్ మూసేయండి. డబ్బు ఊరికే ఇస్తామని ఉత్తరాన వైల్డర్‌నెస్ వైపు రమ్మంటే వెళ్లొద్దు, అక్కడ మిమ్మల్ని చంపి సంచి దోచుకోవచ్చు. బయటి సైట్లలో రూపాయలిచ్చి జీపీ కొనడం నిబంధనలకి విరుద్ధం, అకౌంటే పోతుంది. రూపాయలు పెట్టి జీపీ తెచ్చుకునే సరైన దారి బాండ్ ఒక్కటే, ఒక బాండ్‌తో 14 రోజుల మెంబర్‌షిప్ వస్తుంది, దాన్ని ఆటలో సంపాదించిన జీపీతోనే కొనుక్కోవచ్చు కూడా. 4వ పాఠమంతా దాని గురించే.

ఈలోపు పని: మీ తోళ్లలో సగం వెంటనే అమ్ముడుపోయే ధరకి, సగం మార్గదర్శక ధరకి రెండు స్లాట్లలో పెట్టండి. మూడో స్లాట్‌లో 49 లోపు ధర ఉన్న వస్తువు ఏదైనా ఒకదాని మార్జిన్ చూడండి. రేపు ఇదే సమయానికి వచ్చి ఏ సగం పోయింది, ఎంతకి పోయింది, పన్ను ఎంత కోశారో పక్కపక్కన రాయండి. ఆ కాగితం దగ్గర ఉంచుకోండి, బాండ్ ధర చూసేటప్పుడు కావాలి.