చెవి మిషన్‌లో జింక్-ఎయిర్ బ్యాటరీ వాడే పద్ధతి

చెవి మిషన్ కొన్నప్పుడు షాపులో బ్యాటరీ వేసి చూపిస్తారు గానీ, దాని గుణం ఏమిటో చెప్పేవాళ్లు తక్కువ. కాకినాడలో మా అమ్మ మిషన్‌కి బ్యాటరీలు మార్చేది నేనే. ఇంట్లో పెద్దవాళ్లకి ఈ పని చేసిపెట్టే ప్రతి ఒక్కరికీ ఈ సంగతులు తెలియాలి.

ముందు స్టిక్కర్ రంగు చూడండి. 10 సైజుకి పసుపు, 312కి బ్రౌన్, 13కి ఆరెంజ్, 675కి నీలం. కంపెనీ మారినా రంగులు ఇవే. అమ్మది ఆరెంజ్.

ఆ స్టిక్కర్ కింద, బిళ్లకి చదునుగా ఉన్న ప్లస్ వైపు, సూదిమొనంత రంధ్రాలుంటాయి. స్టిక్కర్ తీయగానే వాటిలోంచి గాలి లోపలికి పోతుంది. లోపలున్న జింక్ పొడి ఆ గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తూ కరెంటు ఇస్తుంది. ఆక్సిజన్ బయటినుంచే వస్తుంది కాబట్టి బిళ్లలో చోటంతా దాదాపు జింక్‌కే. అంత చిన్న బిళ్ల అన్ని రోజులు రావడానికి కారణం అదే. పైగా ఓల్టేజీ దాదాపు చివరిదాకా ఒకే తీరుగా ఉంటుంది, మాట మెల్లగా తగ్గిపోవడం ఉండదు.

అందుకే స్టిక్కర్ తీసిన వెంటనే మిషన్‌లో పెట్టకండి. రంధ్రాలు పైకి వచ్చేలా బల్లమీద పెట్టి ఐదు నిమిషాలు ఆగండి. గాలి సరిగ్గా అందకముందే పెడితే కొత్తది కూడా పనిచేయనట్టు అనిపిస్తుంది, పెద్దవాళ్లకి అనవసరంగా టెన్షన్.

ఇక ఇబ్బందులు. ఒకసారి గాలి తగిలాక వాడినా వాడకపోయినా బ్యాటరీ తరిగిపోతూనే ఉంటుంది. స్టిక్కర్ మళ్లీ అంటించినా పెద్దగా లాభం లేదు. లోపలి ద్రావణం మా కాకినాడ ఉక్కపోతలో తేమ పీల్చుకుంటుంది, పొడి గాలిలో ఎండిపోతుంది. రెండూ నష్టమే. అలాగని ఫ్రిజ్‌లో దాచకండి, తీసినప్పుడు చెమ్మ పడుతుంది. స్టిక్కర్‌తో చల్లని, పొడి చోట ఉంచితే చాలు. రాత్రి మిషన్ ఆపి బ్యాటరీ తలుపు తెరిచి పెట్టండి, మిషన్‌లోని చెమ్మ ఆరుతుంది.

దీన్ని ఛార్జింగ్ పెట్టకూడదు. 1990ల్లో జర్మనీ పోస్టల్ వ్యాన్లలో ఇదే సూత్రంతో నడిచే పెద్ద బ్యాటరీలను పరీక్షించినప్పుడు, అయిపోయిన జింక్ తీసి కొత్తది పెట్టేవారు. చెవి బిళ్లకి ఆ వీలు లేదు, కొత్తది కొనాల్సిందే. చివర్లో ఉన్నట్టుండి ఆగిపోతుంది కాబట్టి, పెళ్లికో బ్యాంకుకో వెళ్లేటప్పుడు స్టిక్కర్ తీయని బిళ్ల ఒకటి వెంట పెట్టండి. చిల్లర డబ్బులు, తాళాలతో మాత్రం కలపకండి.

తీసేసిన బిళ్లని కిటికీ గట్టుమీదో మంచం పక్కనో వదలకండి. పసిపిల్లలు మింగితే ప్రమాదం. మింగారని అనుమానం వచ్చినా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి, ఖాళీ ప్యాకెట్ కూడా పట్టుకెళ్లండి.